మణికట్టు నొప్పి అంటే, సరిగ్గా ఎక్కడ?

"కుడి మణికట్టు నొప్పి. కదిలిస్తే ఎక్కువ. ఎక్స్‌రే నార్మల్." కేసు షీట్లలోనూ రిఫరల్ చీటీల్లోనూ ఈ మూడు ముక్కలు చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందులో అబద్ధం లేదు. నొప్పి ఉంది, కదిలిస్తే పెరుగుతోంది, ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు కనపడలేదు. కానీ నొప్పి బొటనవేలి వైపా, చిటికెనవేలి వైపా, చేతి వెనకా, అరచేతి వైపా అన్నది మాత్రం లేదు. ఆ ఒక్కటీ లేకపోతే తక్కిన మూడింటితో ఏ నిర్ణయమూ చేయలేం.

ఈమధ్య ఈ చీటీల్లో నాలుగో ముక్క కూడా చేరుతోంది: "ఎమ్మారై చేయించగా టీఎఫ్‌సీసీలో చిరుగు." టీఎఫ్‌సీసీ అంటే మణికట్టులో చిటికెనవేలి వైపు ఉండే మెత్తటి కట్టు. ఆ మాట చూసి వైద్యం మొదలవుతుంది. ఆ చిరుగు ఉన్నచోట నొక్కితే నొప్పి ఉందా లేదా అని ఎవరూ చూసినట్టుండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మణికట్టు పరీక్షలో అన్నిటికన్నా విలువైన పరికరం పరీక్షించేవాళ్ల వేలి కొన. డాక్టర్ల పేర్లతో చలామణి అయ్యే పరీక్షలు దాని వెనకే రావాలి. స్కాను ఆ తర్వాత రావాలి. ఈ వరుస తలకిందులైతే పరీక్ష చేసినట్టు కనిపిస్తుంది గానీ చేసినట్టు కాదు.

ఒక్క సెంటీమీటరు తేడా

తుంటిలోనో వెన్నులోనో అయితే ఇంత పట్టుపట్టను. అక్కడ నొప్పి పుట్టే చోటికీ మన వేలికీ మధ్య మందపాటి కండరాలు అడ్డం ఉంటాయి. మణికట్టు దగ్గర అలా కాదు. ముంజేతి ఎముకలైన రేడియస్ (బొటనవేలి వైపుది), అల్నా (చిటికెనవేలి వైపుది) చివర్లు, కార్పల్ అనే ఎనిమిది చిన్న ఎముకలు, వాటి మీదుగా ఆరు గూళ్లలో వెళ్లే ఎక్స్‌టెన్సర్ టెండన్లు (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు), అన్నీ చర్మం కిందే తగులుతాయి. వేలు ఒక్క సెంటీమీటరు జరిగితే జబ్బు పేరే మారిపోతుంది.

బొటనవేలి వైపే చూద్దాం. రేడియల్ స్టైలాయిడ్ (రేడియస్ చివర బొటనవేలి వైపు మొన) మీద నొక్కితే నొప్పి అంటే మొదటి గూటిలోని టెండన్ల జబ్బు, అంటే డీ కెర్వాన్. అక్కడి నుంచి సెంటీమీటరు వేళ్ల వైపు జరిగి గుంటలో నొక్కితే నొప్పి అంటే స్కాఫాయిడ్ అనే కార్పల్ ఎముక విరుగు. ఇంకాస్త ముందుకు, మొదటి మెటాకార్పల్ (అరచేతిలో బొటనవేలి ఎముక) మొదట్లో నొప్పి అంటే బొటనవేలి మూలకీలు అరుగుదల. వెనక్కి వచ్చి, మణికట్టు కీలుకి 4 నుంచి 6 సెంటీమీటర్లు మోచేతి వైపు నొప్పీ, వాపూ, చేయి ఆడిస్తే వేలి కింద కిరకిరమన్నట్టూ ఉంటే, టెండన్లు ఒకదాన్నొకటి దాటే చోట ఒరుసుకునే ఇంటర్‌సెక్షన్ సిండ్రోమ్. నాలుగు వేర్వేరు జబ్బులు. ఒకదానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఒకదానికి ప్లాస్టర్ లేదా స్క్రూ, ఒకదానికి బొటనవేలి స్ప్లింటు, ఒకదానికి పనిలో మార్పు, విశ్రాంతి. నాలుగింటికీ చీటీలో రాసేది మాత్రం "మణికట్టు నొప్పి."

నొక్కే ముందు

రోగిని బల్లకి అవతల ఎదురుగా కూర్చోబెట్టాలి. రెండు చేతులూ బల్ల మీద, రెండు చొక్కా చేతులూ మోచేతుల పైకి. నొప్పి ఒక చేతిలోనే అయినా రెండూ బయటికి రావాల్సిందే, ఎందుకంటే ఈ పరీక్షలో సగానికి పైగా నిర్ణయాలు రెండో చేతితో పోల్చి చేసేవే. గడియారం, గాజులు, కట్టు తీసేయాలి. బిగుతు గడియారం కూడా ఒక్కోసారి కారణమే. ముంజేతిలో బొటనవేలి వైపు చర్మం కింద వెళ్లే రేడియల్ నరం కొమ్మ నలిగితే బొటనవేలి వెనక తిమ్మిరి, మంట వస్తాయి. దాన్ని డీ కెర్వాన్ అనుకుని ఇంజెక్షన్ ఇస్తే తగ్గదు.

ఆ తర్వాత అడగాల్సిన మొదటి మాట: "ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించండి." జవాబు కంటే ముందు చేతి కదలికను చూడాలి. కొందరు తడుముకోకుండా ఒక చుక్క మీద వేలు పెడతారు. వాళ్ల సమస్య చాలామటుకు ఆ చుక్క కిందే ఉంటుంది. కొందరు వేలిని గీతలా లాగుతారు. అక్కడ టెండనో నరమో అనుమానించాలి. కొందరు రెండో చేత్తో మణికట్టు మొత్తాన్నీ గుప్పిట పట్టుకుంటారు. అప్పుడు కీలంతా వాచే వాతజబ్బుల గురించీ, మిగతా కీళ్ల గురించీ, పొద్దున లేవగానే ఉండే బిగుతు గురించీ అడగాలి. చేతిని విదిలించి చూపించి "రాత్రిపూట ఇలా విదిలిస్తే తగ్గుతుంది" అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల విషయం కార్పల్ టన్నెల్, అంటే మణికట్టు సొరంగంలో మీడియన్ నరం నలగడం. దాని సంగతి వేరు, తర్వాత చెప్తాను.

దెబ్బ తగిలితే ఎలా పడ్డారో చేత్తో చూపించమనాలి. అరచేయి చాచి పడితే ఒక జాబితా, చేయి మెలితిరిగితే ఇంకో జాబితా. మెలి అయితే చిటికెనవేలి వైపు అనుమానం పెరుగుతుంది. బ్యాటో రాకెట్టో పట్టుకుని ఆడుతుండగా అరచేతి మడమలో కలుక్కుమంటే హేమేట్ (చిటికెనవేలి వైపు ఉండే కార్పల్ ఎముక) కొక్కెం విరిగిందేమో చూడాలి.

చూడడానికి అర నిమిషం చాలు. వెనకవైపు గడ్డ మణికట్టు వంచితే పైకి లేస్తుందా? బొటనవేలి మొదట్లో కండరం పల్చబడిందా? అల్నా తల రెండో చేతికన్నా ఎక్కువ పొడుచుకు వచ్చిందా? కదలికలు కొలిచి రాసుకోవాలి. మామూలుగా కిందికి వంగడం 80 డిగ్రీలు, పైకి 70, బొటనవేలి వైపు 20, చిటికెనవేలి వైపు 30 వరకూ ఉంటాయి. ముంజేయి తిప్పేటప్పుడు మోచేతులు పక్కలకి ఆనించి ఉంచకపోతే భుజంతో తిప్పేసి పూర్తిగా తిరిగినట్టు చూపిస్తారు.

ఇక నొక్కడం. ముందు బాగున్న చేయి, తర్వాత నొప్పి ఉన్న చేతిలో నొప్పి లేని వైపు, రోగి చూపించిన చుక్క అన్నిటికన్నా ఆఖర్న. ఎందుకంటే ఒకసారి గట్టిగా నొప్పి పెడితే ఆ తర్వాత ఎక్కడ ముట్టుకున్నా చేయి లాక్కుంటారు. ఎంత బలంగా అంటే, నొక్కేవాళ్ల గోరు కొస తెల్లబడేంత. రెండు చేతుల్లోనూ అంతే బలం. బొటనవేలి బొద్దుతో కాదు, చూపుడువేలి కొనతో. బొద్దు ఒకేసారి మూడు నిర్మాణాల్ని నొక్కుతుంది, ఏది నొప్పో తెలియదు. చూపు చేతి మీద కాదు, ముఖం మీద ఉండాలి. "నొప్పా?" అని ప్రతిసారీ అడిగితే మర్యాద కోసం అవునంటారు. కనుబొమ్మలు అలా కాదు.

వెనక వైపు

మొదలు లిస్టర్ బుడిపెతో పెట్టుకుంటే దారి తప్పం. రేడియస్ వెనకభాగంలో, దాదాపు మధ్యవేలి వరుసలో తగిలే చిన్న ఎముక గుబ్బ అది. దాని పక్కనుంచే బొటనవేలిని పైకెత్తే పొడుగు టెండన్ మలుపు తిరుగుతుంది. రేడియస్ చివర చిన్న పగులు వచ్చి, ఎముక జరగకుండా ఉన్నవాళ్లలో కొన్ని వారాలకి ఈ టెండన్ దానంతటదే తెగిపోవచ్చు. అరచేయి బల్లకి ఆనించి బొటనవేలిని మాత్రం పైకి లేపమంటే తెలిసిపోతుంది. పది సెకన్ల పని. పగులు చిన్నదని ఆ పది సెకన్లు మానేస్తారు.

బుడిపె నుంచి ఒక సెంటీమీటరు వేళ్ల వైపు జరిగి, మణికట్టు కొంచెం కిందికి వంచితే, వేలు స్కాఫాయిడ్‌కీ దాని పక్కనున్న లూనేట్ ఎముకకీ మధ్య సందు మీద ఉంటుంది. ఆ రెండు ఎముకల్నీ కట్టి ఉంచే లిగమెంటు తెగితే నొప్పి ఇక్కడే. వెనకవైపు గాంగ్లియన్లు (నీటితిత్తి లాంటి గడ్డలు) ఎక్కువగా పుట్టేది కూడా ఈ లిగమెంటు దగ్గరే. బయటికి కనపడనంత చిన్న గాంగ్లియన్ కూడా ఇక్కడ నొప్పి పుట్టించగలదు. ఇంకాస్త చిటికెనవేలి వైపు జరిగితే లూనేట్. ఏ దెబ్బా తగలని 20-40 ఏళ్లవాళ్లకి లూనేట్ మీద మొండి నొప్పి ఉండి, కదలిక తగ్గి, పిడికిలి బలం పడిపోతే కీన్‌బాక్ జబ్బు గుర్తుకు రావాలి. రక్తం అందక ఆ ఎముక నలిగిపోయే జబ్బు అది. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎమ్మారైలో దొరుకుతుంది. ఎమ్మారై అడగమని చెప్పేది మాత్రం వేలే.

స్కాఫాయిడ్: మూడు చోట్ల నొక్కాలి

ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. నొక్కకపోవడం వల్ల ఎక్కువ నష్టం జరిగేది ఈ ఎముక విషయంలోనే.

బొటనవేలిని చాపి పైకెత్తితే దాని మొదట్లో త్రికోణం గుంట కనిపిస్తుంది కదా, అదే స్నఫ్‌బాక్స్. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ ఉంటుంది. అయితే చేయి నిటారుగా ఉన్నప్పుడు ఎముక నడుము చాలావరకు రేడియస్ అంచు కిందికి దాక్కుంటుంది. అందుకే మణికట్టును కొంచెం చిటికెనవేలి వైపు వంచి పట్టుకుని నొక్కాలి. అప్పుడే ఎముక వేలి కిందికి వస్తుంది. అలా వంచకుండా నొక్కి "నొప్పి లేదు" అని రాసిన కేసులెన్నో. ఇంకో సంగతి: ఆ గుంట మీదుగా రేడియల్ నరం కొమ్మలు వెళ్తాయి, లోపల రేడియల్ ధమని కొట్టుకుంటూ ఉంటుంది. గట్టిగా నొక్కితే బాగున్నవాళ్లకీ ఇబ్బందిగానే ఉంటుంది. రెండో చేయి ముందు నొక్కమనడానికి ఇదో కారణం.

రెండో చోటు అరచేతి వైపు. మణికట్టు చివరి మడత దగ్గర, బొటనవేలి దిమ్మ మొదట్లో, ఒక గట్టి బుడిపె తగులుతుంది. మణికట్టుని అరచేతి వైపు వంచే ఫ్లెక్సార్ కార్పై రేడియాలిస్ టెండన్ వెంట వేలు జార్చుకుంటూ వస్తే నేరుగా దాని మీదికే చేరతాం. మణికట్టును పైకి వంచితే ఇంకా బాగా దొరుకుతుంది. అది స్కాఫాయిడ్ ట్యూబర్‌కిల్. మూడోది, బొటనవేలిని పట్టుకుని దాని పొడవునా మణికట్టులోకి నెట్టడం.

ఈ మూడూ ఒక్కొక్కటిగా చూస్తే వీటి బలం ఒకటే, బలహీనతా ఒకటే. ఎముక విరిగినవాళ్లలో దాదాపు అందరికీ నొప్పి ఉంటుంది. విరగనివాళ్లలోనూ చాలామందికి ఉంటుంది. కాబట్టి మూడు చోట్లా ఏమాత్రం నొప్పి లేకపోతే స్కాఫాయిడ్ విరిగే అవకాశం చాలా తక్కువ అని ధైర్యంగా ఉండొచ్చు. నొప్పి ఉంటే మాత్రం "విరిగింది" అని కాదు, "విరగలేదు అని చెప్పడానికి లేదు" అని అర్థం. మూడూ కలిసి ఉంటే అనుమానం గట్టిపడుతుంది.

"ఎక్స్‌రే నార్మల్" అన్న మాట అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఇక్కడే. విరిగిన స్కాఫాయిడ్లలో పదింట ఒకటి రెండు మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడవు. మామూలు రెండు కోణాలు కాకుండా స్కాఫాయిడ్ కోసం ప్రత్యేకంగా తీసే కోణాలు అడిగినా కొన్ని తప్పించుకుంటాయి. ఆ తప్పించుకోవడం ఖరీదు ఎక్కువ, ఎందుకంటే ఈ ఎముకకి రక్తం ఎదురు దారిలో అందుతుంది. నూటికి 70-80 పాళ్ల రక్తం వేళ్ల వైపు సగంలో, వెనక అంచు మీద దిగి, అక్కడి నుంచి వెనక్కి పారుతుంది. రేడియస్‌కి ఆనుకుని ఉండే ముక్క కాలువ ఆఖరి మడి లాంటిది. నడుము దగ్గర గండి పడితే దానికి నీళ్లు లేవు. ఎముక అతకదు, ఆ ముక్క చచ్చుపడొచ్చు, ఏళ్ల మీద మణికట్టంతా అరిగిపోతుంది. దెబ్బ తగిలిన రోజు "బెణుకు" అని పంపించేసిన యువకుడు కొన్నేళ్ల తర్వాత పైకి వంగని మణికట్టుతో వస్తాడు. ఎక్స్‌రేలో అతకని పాత విరుగు కనిపిస్తుంది.

కాబట్టి నియమం సూటిగా ఉండాలి. నొక్కితే నొప్పి ఉండి ఎక్స్‌రే బాగుంటే, ఎక్స్‌రేని కాదు, వేలిని నమ్మాలి. స్ప్లింటో ప్లాస్టరో వేసి, వీలైతే కొద్ది రోజుల్లోనే ఎమ్మారై, లేదంటే 10 నుంచి 14 రోజులకి మళ్లీ పరీక్ష, మళ్లీ ఎక్స్‌రే.

చిటికెనవేలి వైపు

ఇటువైపు నొప్పి అనగానే "టీఎఫ్‌సీసీ" అనేయడం అలవాటైపోయింది. అల్నా చివరకీ కార్పల్ ఎముకలకీ మధ్య ఉండే ఆ మెత్తటి కట్టు నిజంగానే తరచూ దెబ్బతింటుంది. కానీ రెండు సెంటీమీటర్ల జాగాలో ఇంకా చాలా ఉన్నాయి: చేతి వెనక ఈసీయూ (ఎక్స్‌టెన్సర్ కార్పై అల్నారిస్) టెండన్, ట్రైక్వెట్రమ్ ఎముక, దాని లిగమెంట్లు, రేడియస్ అల్నాల మధ్య కీలు, అరచేతి వైపు పిసిఫార్మ్ అనే బఠాణీ గింజంత ఎముక, హేమేట్ కొక్కెం. దేనికదే విడిగా దొరుకుతుంది.

ఫోవియా అనే చోటు కనుక్కోవడం నేర్చుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ముంజేయి తిప్పకుండా, బొటనవేలు పైకి ఉండేలా పెట్టాలి. చిటికెనవేలి వైపు అంచున ఒకపక్క అల్నా స్టైలాయిడ్ మొన, ఇంకోపక్క, అరచేతి వైపు, ఫ్లెక్సార్ కార్పై అల్నారిస్ టెండన్. వేళ్ల వైపు పిసిఫార్మ్, మోచేతి వైపు అల్నా తల. ఈ నాలుగింటి మధ్య వేలి కొన పట్టేంత మెత్తటి గుంట ఉంటుంది. అక్కడ లోపలికి నొక్కినప్పుడు "అదే, అదే నా నొప్పి" అని రోగి అంటే, టీఎఫ్‌సీసీ మూలంలో చిరుగో, అల్నా నుంచి ట్రైక్వెట్రమ్‌కి వెళ్లే లిగమెంటు నిలువునా చీలడమో అయి ఉండాలి. ఆ రెండింటినీ విడదీసేది తర్వాతి అడుగు. ఒక చేత్తో రేడియస్ గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో అల్నా తలని ముందుకీ వెనక్కీ ఆడించాలి. మొదట ముంజేయి మధ్యస్థంగా ఉంచి, తర్వాత అరచేయి పూర్తిగా పైకి, ఆ తర్వాత పూర్తిగా కిందికి తిప్పి చూడాలి. మామూలు చేతిలో రెండు చివరలకీ వచ్చేసరికి కీలు బిగుసుకుంటుంది. బిగుసుకోకుండా రెండో చేతికన్నా వదులుగా ఆడితే మూలం తెగిందని అనుమానం. బిగుతుగానే ఉండి ఫోవియా నొప్పి ఉంటే నిలువు చీలిక వైపు మొగ్గాలి.

నొప్పి గుంటలో కాకుండా వెనకవైపు అల్నా తల మీది గాడిలో ఉంటే ఈసీయూ టెండన్. దీన్ని విడిగా పట్టుకునే పద్ధతి ఒకటి ఉంది, చాలామంది వాడరు. మోచేయి వంచి, అరచేయి ముఖం వైపు తిప్పి, వేళ్లు చాపమనాలి. మణికట్టు తిన్నగా ఉంచాలి. మనం రోగి బొటనవేలినీ మధ్యవేలినీ పట్టుకుని, బొటనవేలిని మన పట్టుకి ఎదురుగా బయటికి చాపమంటాం. బొటనవేలిని లాగే ఆ బలానికి మణికట్టు నిలబడడం కోసం ఈసీయూ దానంతటదే బిగుస్తుంది. కీలు మీద మాత్రం ఒత్తిడి పడదు. అప్పుడు వెనకవైపు నొప్పి వస్తే అది టెండన్ నొప్పే. ఇంకో చేతి వేలిని టెండన్ మీద పెట్టి అది నిజంగా బిగిసిందో లేదో చూసుకోవాలి. బిగవకపోతే పరీక్ష జరగనట్టే లెక్క.

హేమేట్ కొక్కెం విషయంలో తప్పు ఎప్పుడూ ఒకటే: పైపైన నొక్కుతారు. అది లోతుగా ఉంటుంది. మీ బొటనవేలి కణుపు మడతని రోగి పిసిఫార్మ్ మీద పెట్టి, కొనని రోగి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు వైపు చూపేలా ఆనించండి. కొన కింద ఉండేదే కొక్కెం. అక్కడ గట్టిగా దింపాలి. మామూలు ఎక్స్‌రే కోణాల్లో ఇది సరిగా కనపడదు. అనుమానం ఉంటే సీటీ. వదిలేస్తే విరిగిన అంచుకి ఒరుసుకుని చిటికెనవేలిని ముడిచే టెండన్ పీచు పీచుగా తెగిపోవచ్చు.

పేరున్న పరీక్షలు

వీటి మీద నాకు ద్వేషం లేదు. అడగని ప్రశ్నకి జవాబుగా వాటిని వాడడమే బాధ.

ఫింకల్‌స్టైన్ పరీక్షనే తీసుకోండి. బొటనవేలిని పిడికిలిలో మూసి చేతిని చిటికెనవేలి వైపు వంచమంటారు. నిజానికి ఆ పద్ధతి 1927 నాటి ఐకాఫ్‌ది. 1930లో ఫింకల్‌స్టైన్ రాసింది వేరు: పరీక్షించేవాళ్లే రోగి బొటనవేలిని పట్టుకుని చేతిని చిటికెనవేలి వైపు లాగడం. ఇది చరిత్రకారుల తగాదా కాదు. పిడికిలి మూసే పద్ధతిలో జబ్బు లేనివాళ్లకీ నొప్పి వస్తుంది. మూలకీలు అరిగినవాళ్లకి ఇంకా బాగా వస్తుంది. స్టైలాయిడ్ మీద నొక్కి చూడకుండా ఈ ఒక్క పరీక్షతో డీ కెర్వాన్ అని రాస్తే, ఇంజెక్షన్ తప్పు చోట పడుతుంది.

స్కాఫాయిడ్, లూనేట్ మధ్య లిగమెంటు తెగిందా అని చూసే వాట్సన్ పరీక్ష ఇంకో ఉదాహరణ. స్కాఫాయిడ్ ట్యూబర్‌కిల్ మీద బొటనవేలు ఆనించి, మణికట్టుని చిటికెనవేలి వైపు నుంచి బొటనవేలి వైపుకి, కొద్దిగా కిందికి వంచుతూ తీసుకొస్తాం. మామూలుగా ఆ కదలికలో స్కాఫాయిడ్ ముందుకు వాలాలి. మన బొటనవేలు దాన్ని ఆపుతుంది. లిగమెంటు తెగి ఉంటే ఎముక వెనక్కి, రేడియస్ అంచు మీదికి ఎక్కుతుంది. వేలు వదలగానే టక్కుమని తిరిగి చోటుకి పడుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ కీళ్లు సహజంగా వదులుగా ఉండేవాళ్లలో ఈ టక్కు రెండు చేతుల్లోనూ వస్తుంది, నొప్పి లేకుండా. అది జబ్బు కాదు. టక్కుతో పాటు వెనకవైపు రోగికి తెలిసిన నొప్పే రావాలి, రెండో చేతిలో రాకూడదు, లిస్టర్ బుడిపెకి ముందున్న సందులో నొక్కితే నొప్పి ఉండాలి. మూడూ కలిస్తేనే దానికి విలువ. పాజిటివ్ అని రాసే ప్రతి పరీక్షకీ ఇదే కొలత పెట్టాలని నా వాదన: రోగి నొప్పే వచ్చిందా, వేలు చూపించిన చోటే వచ్చిందా, రెండో చేతిలో లేదా.

కార్పల్ టన్నెల్ దగ్గర నా వాదన కొంత సడలించుకోవాలి. అక్కడ నొక్కి నొప్పి వెతకడం వల్ల పెద్దగా తేలదు. రోగి చేతే పటం అవుతుంది. తిమ్మిరి ఏ వేళ్లలోనో పెన్నుతో గీయించాలి. బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరపువేలిలో సగం అయితే మీడియన్ నరం. అరచేతి చర్మంలో, బొటనవేలి దిమ్మ మీద స్పర్శ బాగుండాలి, ఎందుకంటే దాని నరం కొమ్మ టన్నెల్‌లోకి దూరకుండా పైనుంచే వెళ్తుంది. అక్కడా మొద్దుబారితే ముంజేతిలోనో మెడలోనో వెతకాలి. మణికట్టు కిందికి వంచి ఉంచే ఫాలెన్ పరీక్షకి పూర్తిగా 60 సెకన్లు, నరం మీద బొటనవేళ్లతో నొక్కి పట్టే డర్కన్ పరీక్షకి 30 సెకన్లు ఇవ్వాలి. పది సెకన్లు చూసి "నెగెటివ్" అని రాయడం కన్నా చేయకపోవడం నయం. బొటనవేలిని అరచేతికి నిట్టనిలువుగా పైకెత్తించి బలం చూడడం మర్చిపోకూడదు.

ఎదురు ప్రశ్నలు

నొక్కి చూడడం మనిషిని బట్టి మారుతుంది కదా, ఇద్దరు నొక్కితే రెండు రకాలుగా చెప్తారు కదా అంటారు. నిజమే. కానీ ఆ తేడాలో చాలా భాగం పద్ధతిలోది. చేయి ఏ భంగిమలో ఉంది, వేలి కొనా బొద్దా, ముందు ఏ చేయి నొక్కారు, ఇవి స్థిరపడితే తేడా తగ్గుతుంది. "మణికట్టు నొప్పి" బదులు "ఫోవియా నొప్పి ఉంది, స్నఫ్‌బాక్స్, ట్యూబర్‌కిల్ లేవు, ఈసీయూ గాడి లేదు, రెండో చేతిలో ఏవీ లేవు" అని రాస్తే, తర్వాత చూసే వాళ్లు అవే చోట్ల నొక్కి ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. రాయనిదాన్ని సరిదిద్దడం ఎవరికీ కుదరదు.

స్కాను ఉండగా ఈ శ్రమ ఎందుకన్నది రెండో ప్రశ్న. వయసు పెరిగేకొద్దీ టీఎఫ్‌సీసీ దానంతటదే పల్చబడి చిల్లు పడుతుంది. ఏ నొప్పీ లేనివాళ్ల ఎమ్మారైలో కూడా అది కనిపిస్తుంది. యాభై దాటినవాళ్ల స్కానులో చిరుగు దొరకడం ఒక విషయం, నొప్పికి ఆ చిరుగే కారణం కావడం వేరే విషయం. ఆ రెండింటినీ కలిపేది ఫోవియాలో పెట్టిన వేలొక్కటే. వేలు ఈసీయూ గాడిలో నొప్పి చెప్తుంటే, స్కానులోని చిరుగుకి ఆపరేషన్ చేసినా నొప్పి అలాగే ఉంటుంది.

మూడో అభ్యంతరమే నన్ను నిజంగా ఆలోచింపజేసేది. పెద్ద దెబ్బ తగిలి మణికట్టంతా ఉబ్బిపోతే ఎక్కడ నొక్కినా నొప్పే. అప్పుడు వేలు పనికిరాదు, ఒప్పుకుంటాను. అక్కడ నమ్ముకోవాల్సింది సరిగ్గా పక్కనుంచి తీసిన ఎక్స్‌రేని. రేడియస్, లూనేట్, దాని ముందుండే కాపిటేట్ ఎముక ఒకే వరుసలో ఉన్నాయా అని చూడాలి. లూనేట్ చుట్టూ ఎముకలు జారిపోయే పెరిలూనేట్ డిస్‌లొకేషన్లలో దాదాపు నాలుగింట ఒకటి మొదటిసారి ఎవరికీ పట్టుబడదు. వేళ్లు ముడిస్తే భరించలేని నొప్పి, మీడియన్ నరం వైపు పెరుగుతున్న తిమ్మిరి ఉంటే ఆ రోజే తేల్చాలి. జ్వరంతో, ఎర్రగా వాచి, చిన్న కదలికకీ తట్టుకోలేని కీలు ఉంటే ఈ వ్యాసంలోని వరుసంతా పక్కన పెట్టి, కీలులోంచి నీరు తీసి పరీక్షకి పంపాలి.

టైము చాలదన్నది నాలుగోది. పైన చెప్పిన చోట్లన్నీ రెండు చేతుల్లో నొక్కడానికి అలవాటైనవాళ్లకి మూడు నిమిషాలు పడుతుంది. పేరున్న పరీక్షలన్నీ వరసబెట్టి చేయడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. వేలు చోటు చెప్పాక వాటిలో ఒకటో రెండో సరిపోతాయి.

ఇక స్కాఫాయిడ్ అనుమానం ఉన్నవాళ్లకి రెండు వారాల తర్వాత జరిగే పరీక్ష గురించి ఒక మాట. ప్లాస్టర్ తీయగానే రోగిని నేరుగా ఎక్స్‌రే గదికి పంపించేస్తారు, ఫిల్ము చూశాక చేయి ముట్టుకుంటారు. వరుస మార్చండి. ప్లాస్టర్ తీసి, మొదటిరోజు రాసుకున్న అవే చోట్లు, అదే భంగిమలో, అంతే బలంగా నొక్కి, ఫలితం రాసుకున్నాకే ఫిల్ము చూడండి. ముందే ఫిల్ము చూస్తే, అది బాగుందన్న నమ్మకంతో వేలు మెత్తబడుతుంది. రెండో ఎక్స్‌రే కూడా బాగుండి, స్నఫ్‌బాక్స్‌లోనో ట్యూబర్‌కిల్ మీదో నొప్పి అలాగే ఉంటే, మూడో ఎక్స్‌రే కోసం ఆగకండి. చేయిని మళ్లీ స్ప్లింటులో పెట్టి ఎమ్మారై రాయండి, ఆ చీటీలో నొప్పి ఏ చోటో కూడా రాయండి. ఎక్కడ వెతకాలో రేడియాలజిస్టుకి చెప్పాల్సింది మనమే.